పాలకు ముందు తూకం, పాలకు తర్వాత తూకం

"నీకు తెలియనిదేముందమ్మా" అన్నాడు పిల్లల డాక్టరు, తూకం మీంచి పాపను తీసి ఆమె చేతికిస్తూ.

చిన్నమేడానికి అరికాలి మంట నెత్తికెక్కింది. పాప పుట్టిన దగ్గర్నుంచి ఈ మాట వినీ వినీ ఆమె చెవులు చిల్లులు పడ్డాయి. కాన్పు చేసిన డాక్టరమ్మ అంది. వార్డు నర్సులు అన్నారు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ మంచం పక్కన ఓ సంచీ పెట్టి, పాప బుగ్గ తాకి, ఈ మాట అనేసి చక్కా పోయారు. ఇప్పుడు ఈయన. పాపకు మూడు వారాలు నిండాయి, పుట్టినప్పుడు ఉన్న బరువుకు ఇంకా చేరలేదు. ఆ సంగతి ఆయన కళ్ళెదుటే ఎర్ర అంకెల్లో వెలుగుతోంది. అది చూసి కూడా నవ్వుతున్నాడు.

ఆమె మర్యాదగానే అడిగింది, మరి ఈ బరువుకు ఏం చేద్దామని. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, పెద్దమేడం మనవరాలికి తాను వైద్యం చెప్పడమేమిటన్నాడు. ఇంతమంది పిల్లలకు పాలు పట్టించిన మనిషి ఇంట్లోనే ఉండగా బెంగెందుకన్నాడు. వచ్చేవారం మళ్ళీ ఒకసారి తూచి చూద్దామన్నాడు. ఇదే బరువుతో ఇంకెవరి బిడ్డయినా వచ్చి ఉంటే ఆయన ఏం చేసేవాడో ఆమెకు బాగా తెలుసు. ఎన్ని గుడ్డలు తడుస్తున్నాయని అడుగుతాడు. బిడ్డ నోరు తెరిచి నాలుక చూస్తాడు. ముందు ఇవాళ ఆకలి తీరే దారి చూసి, తల్లి పాలిస్తుంటే దగ్గరుండి చూడ్డానికి వార్డులోంచి మనిషిని పిలిపిస్తాడు. ఆ పిలిపించేది కూడా ఈమెనే.

తనను తానే పిలుచుకోవాలి కాబోలు అనుకుని, పాపను గుడ్డలో చుట్టుకుని బయటికి వచ్చేసింది.

ఆ ఆసుపత్రిలో ఆమె చిన్నమేడం, ఎందుకంటే వాళ్ళమ్మ పెద్దమేడం. ఇద్దరిదీ ఒకటే వృత్తి. బిడ్డకు పాలివ్వలేక అవస్థపడే తల్లుల దగ్గర కూర్చుని దారి చూపించడం, ఆ పని చేయడానికి వచ్చేవాళ్ళకు శిక్షణ ఇవ్వడం. ఇదీ ఒక చదువేనా, ఆడవాళ్ళకు పాలివ్వడం కూడా నేర్పాలా అని పెద్ద డాక్టర్లు పగలబడి నవ్విన రోజుల్లో పెద్దమేడం మామూలు నర్సు. అప్పట్లో డబ్బాపాల కంపెనీ మనుషులు ఇస్త్రీ చొక్కాలేసుకుని తిన్నగా వార్డులోకే వచ్చేవాళ్ళు. పురిటి మంచం మీదున్న పిల్ల తలగడ పక్కన ఒక డబ్బా పెట్టి, పాపం నీకు పాలు చాలడం లేదేమోనమ్మా అని జాలిగా ఒక మాట వదిలేవాళ్ళు. ఆ పిల్ల హడలిపోయి డబ్బా మూత తీసేది. బిడ్డ చన్ను పట్టడం తగ్గేది, ఉన్న పాలు కాస్తా ఇంకిపోయేవి. పెద్దమేడం వాళ్ళను కాలర్ పట్టుకున్నంత పని చేసి మెట్లు దింపించింది. పైవాళ్ళతో పోట్లాడింది. బదిలీ చేస్తామంటే చేసుకోండంది. చివరికి పై అంతస్తులో ఒక గది సంపాదించి శిక్షణ మొదలుపెట్టింది. ఇవాళ ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఒకరైనా తగులుతారు. ఆ గదిలో బోర్డు పైన గోడ మీద ఆమె స్వయంగా రాయించిన వాక్యం ఒకటుంది. పాలు చాలని తల్లి లేదు, ధైర్యం చాలని తల్లే ఉంది. ప్రతి బ్యాచీ దాన్ని ముందు నోటికి నేర్చుకుని, తర్వాతే తక్కిన పాఠాల్లోకి వెళుతుంది.

ఆ వాక్యంతో చిన్నమేడానికి పేచీ ఇప్పటిది కాదు. కడుపుతో ఉన్నప్పుడు, ఈ ఏటి శిక్షణలో కొత్త పరిశోధనల పాఠం తయారుచేసే పని తల్లి ఆమెకే అప్పజెప్పింది. ఆమె కాళ్ళు వాచిపోతున్నా స్టూలు మీద పెట్టుకుని వచ్చిన వ్యాసాలన్నీ చదివింది. కొద్దిమంది తల్లులకు, చాలా కొద్దిమందికే, ఎదిగే వయసులోనే రొమ్ములో పాలు తయారయ్యే భాగం సరిగా ఏర్పడదు. వాళ్ళు రోజంతా బిడ్డను ఒళ్ళోంచి దించకపోయినా చాలినన్ని పాలు రావు. అలాంటివాళ్ళను ముందే గుర్తుపట్టాలి, తప్పు నీదేనన్నట్టు మాట్లాడకూడదు, బిడ్డకు కావలసిన మిగతా పాలు ఇంకో దారిన ఇప్పించాలి. ఇదంతా బొమ్మలు వేసి మరీ ఓ పాఠంగా రాసింది. పెద్దమేడం చదివింది, చదివి మొత్తం తీసేసింది. ఇది పెట్టామంటే డబ్బావాడికి మన చేత్తో మనమే తలుపు తీసినట్టు అంది. ప్రతి పిల్లా ఆ కొద్దిమందిలో నేనే ఉన్నానంటుంది, ఇన్నేళ్ళు చేసిందంతా నీళ్ళపాలవుతుంది అంది. కూతురు వాదించింది, అలిగింది, రెండు రోజులు మాట్లాడలేదు. అయినా అమ్మ చూసినన్ని మోసాలు తాను చూడలేదులే అని ఊరుకుంది. ఊరుకున్నందుకు ఇప్పుడు తనను తాను చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

నడవాలో బెంచీ మీద మొగుడు సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు అతను, దేనికీ తొందరపడే మనిషి కాదు. డాక్టరేమన్నాడని అడిగాడు. నాకు తెలియనిదేముందన్నాడు అని చెప్పిందామె, పళ్ళు కొరుకుతూ. అతను సంచీ జిప్పు కాస్త తీసి చూపించాడు. పాప గుడ్డల కింద పాలడబ్బా ఉంది. పోయినవారం అది తెచ్చినప్పుడు ఆమె ఇల్లెగిరిపోయేలా అరిచింది. అవతల పారెయ్యమంది. మీ అమ్మకు భయపడి నా కూతుర్ని మాడుస్తావా అని అతను ఒక్కమాట అన్నందుకు ఆ పూటంతా మొహం చూడలేదు. ఆ మాట అబద్ధమైతే అంత కోపం వచ్చేది కాదని ఇప్పుడు తెలుస్తోంది.

"పారెయ్యలేదా?" అంది.

"పారేశానని చెప్పాను. పారెయ్యలేదు."

పాప ఏడుపు మొదలుపెట్టింది. ఏడుపంటే ఏడుపు కూడా కాదు, ఓపిక లేని పిల్లి కూత.  వార్డు పక్కనే తల్లులు పాలిచ్చుకునే గది ఉంది, ఆమె అందులోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

పాప నోరు పెద్దగా తెరిచి పట్టుకుంది. గడ్డం రొమ్ముకు ఆనింది, కింది పెదవి బయటికి మడత పడింది, ఎక్కడా నొప్పి లేదు. పాఠం చెప్పేటప్పుడు గోడకు తగిలించే బొమ్మలో ఉన్నట్టే ఉంది అంతా. ఇన్నాళ్ళూ ఆ బొమ్మ చూసుకునే ఆమె మనసుకు సర్దిచెప్పుకుంది. కానీ పాఠంలో బొమ్మ తర్వాత ఇంకోటి ఉంటుంది, గుటక వినాలి. రెండు మూడు సార్లు చప్పరించాక గొంతులో చిన్నగా గుటక పడిన చప్పుడు రావాలి. ఇతరుల బిడ్డలకైతే ఆమె గది అవతల నుంచే వినగలదు. తన బిడ్డ దగ్గర చెవి పెట్టి విన్నది. చప్పరింపే చప్పరింపు. కాసేపటికి పాప అలిసి అలాగే నిద్రలోకి జారుకుంది. చూసేవాళ్ళు కడుపు నిండి పడుకుందనుకుంటారు.

ఎదురుగా గోడకు అద్దం ఉంది. పాపను భుజాన వేసుకుని, గుండీలు పెట్టుకోకుండా ఆ అద్దంలోకి చూసింది. రొమ్ము ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెంటికీ నడుమ చెయ్యి పట్టేంత ఎడం. అమ్మ తీసేసిన పాఠంలో తాను స్వయంగా వేసిన బొమ్మ అక్కడ నిలబడి తననే చూస్తోంది. కడుపుతో ఉన్నన్నాళ్ళూ పాత జాకెట్లే సరిపోతున్నాయని మురిసిపోయింది. కాన్పయ్యాక రెండు మూడు రోజులకు రొమ్ములు బరువెక్కి గట్టిపడతాయి, కంగారు పడొద్దు అని ఇన్నేళ్ళుగా తల్లులకు చెబుతూనే ఉంది. తనకు బరువెక్కలేదు. ఎవరైనా అడిగి ఉంటే చెప్పేది. చెబుతూ చెబుతూ ఆ మాటను తానూ వినేది. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

తలుపు తట్టి పొడుగు నర్సు లోపలికొచ్చింది. వార్డులో ఆమెకు అందరికంటే దగ్గరి స్నేహితురాలు. పైన క్లాసు మొదలవుతోందట, పెద్దమేడం పిలుస్తోందట. చిన్నమేడం ఆ సంగతి పట్టించుకోకుండా, నేను పాలిస్తుంటే నువ్వెప్పుడైనా మొదట్నించి చివరిదాకా కూర్చుని చూశావా అని అడిగింది. పొడుగు నర్సు బిక్కమొహం వేసింది.

"మేడం చూసే ఉంటారనుకున్నామే. ఆవిడ ఉండగా మేము నీ దగ్గర నిలబడి చూస్తే ఏం బావుంటుంది?"

గుండీలు పెట్టుకుని చిన్నమేడం విసవిసా బయటికి నడిచింది. పెద్దమేడం మెట్ల దగ్గర తాళాల గుత్తితో ఎదురైంది. సన్నటి మనిషి, నడక మాత్రం పదిమంది నడిచినంత చప్పుడు. పాప తల నిమిరి, డాక్టరు ఏమన్నాడని అడిగి, జవాబు వినకుండానే ఇంకొంచెం ఎక్కువసార్లు పట్టు, అదే సర్దుకుంటుంది అంది. ఇవాళ కొత్త బ్యాచీకి మొదటిరోజు, చూపు పాఠానికి నువ్వే తల్లివి, గుర్తుందిగా అంది. చూపు పాఠమంటే ఆ శిక్షణలో మొట్టమొదటి పాఠం. ఒక తల్లి వచ్చి అందరి ముందూ కూర్చుని బిడ్డకు పాలిస్తుంది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకోకుండా, నోరు మెదపకుండా, మొదటి చప్పరింపు నుంచి బిడ్డ వదిలేదాకా చూడాలి.

"అమ్మా, నేను పాలిస్తుంటే నువ్వు ఎప్పుడైనా చూశావా?"

పెద్దమేడం విచిత్రంగా చూసింది. "నేను చూడాలా? వార్డులో మన పిల్లలు చూసే ఉంటారుగా. అయినా నీకు తెలియనిదేముందే?"

అనేసి టకటకా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

చిన్నమేడం అక్కడే కొయ్యబారి నిలబడింది. అమ్మ రోజూ సాయంత్రం తమ ఇంటికి వస్తుంది. పాపను ఎత్తుకుంటుంది, ఆడిస్తుంది, ఆకలేసి గుక్క పెట్టగానే తెచ్చి తన చేతిలో పెట్టి పక్కగదిలోకి వెళుతుంది. అక్కడ ఆవిడ ఫోను మోగుతూనే ఉంటుంది. ముక్కూ మొహం తెలియని తల్లులు ఎక్కడెక్కడినుంచో అడుగుతారు. అమ్మ ఎంతో ఓపికగా వాళ్ళను అడుగుతుంది, గుడ్డలు తడుస్తున్నాయా తల్లీ, గుటక వినపడుతోందా, కాన్పయ్యాక రొమ్ము బరువెక్కిందా, నువ్వు పాలిస్తుంటే ఎవరైనా చూశారా అని. గోడకు ఇవతల మంచం మీద కూర్చుని, మెతక పడ్డ పాపను ఒళ్ళో పెట్టుకుని, అవన్నీ తానే విన్నది. ఫోనులో ఊళ్ళవతలి తల్లులకు అడ్డం రాని గోడ, తనకెందుకు అడ్డం వచ్చిందో ఇప్పుడు అర్థమైంది.

తిన్నగా పిల్లల డాక్టరు గదిలోకి వెళ్ళింది. మీ తూకం మిషను ఒక గంట కావాలంది. దేనికని ఆయన అడిగాడు. మీకు తెలియనిదేముంది డాక్టరుగారూ అని, మొగుణ్ణి కేకేసి దాన్ని మోయించింది. ఆ రోజు లిఫ్టు పనిచేయడం లేదు. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసేవాణ్ణి, మా ఆవిడ పనిచేసే చోట మాత్రం మెట్లే గతి అని గొణుక్కుంటూ అతను సంచీ భుజాన తగిలించుకుని, మిషను గుండెలకు హత్తుకుని ఎక్కాడు. వేరేరోజైతే ఆమె నవ్వేది.

పై గది నిండుగా ఉంది. కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు బెంచీల మీద పుస్తకాలు తెరిచి సిద్ధంగా ఉన్నారు. పెద్దమేడం అప్పుడే గోడ మీది వాక్యం అందరిచేతా చదివించినట్టుంది. ఆ శిక్షణలో ఇంకో నియమం ఉంది, తల్లి ఎవరైనా సరే, చూసేముందు మిమ్మల్ని చూడవచ్చా అమ్మా అని అడిగి తీరాలి. ఆ నియమం పెట్టింది పెద్దమేడమే, తప్పినవాళ్ళను బయటికి పంపేస్తుంది కూడా. ఇవాళ మాత్రం, మా అమ్మాయేలెండి, మొహమాటం అక్కర్లేదు అంది. బెంచీల్లో నవ్వులు.

చిన్నమేడం నవ్వలేదు. మిషనును బల్ల మీద పెట్టించి, పాపను ఉన్న బట్టలతో ఉన్నట్టే దాని మీద పడుకోబెట్టింది. అంకె అందరికీ కనపడేలా తిప్పి, రాసుకోండి అంది. చూపు పాఠంలో తూకం ఎప్పుడూ లేదు. పెద్దమేడం కనుబొమలు ముడిపడ్డాయి, కానీ క్లాసులో ఆపడం మర్యాద కాదని ఊరుకుంది. చిన్నమేడం పాపను ఒళ్ళోకి తీసుకుని కుర్చీలో కూర్చుంది.

గదంతా చేతులు వెనక్కి కట్టుకుంది. పాప పట్టుకుంది. బెంచీల వెనక పెద్దమేడం చెప్పులు అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అది ఆవిడ అలవాటు, శిష్యుల భుజాల మీంచి చూస్తుంది. కాసేపటికి ఆ చప్పుడు నెమ్మదించింది. తర్వాత ఆగిపోయింది. చిన్నమేడం తలెత్తి చూస్తే, తల్లి వెనక వరుస దగ్గర తల ఒకపక్కకు వాల్చి నిలబడి ఉంది. వింటోంది. ఆ చెవి ఎలాంటిదో చిన్నమేడానికి తెలుసు. రాని గుటక కోసం ఆ చెవి ఎంతసేపు ఆగుతుందో కూడా తెలుసు. చప్పరింపు, చప్పరింపు, చప్పరింపు. పాప కళ్ళు వాల్చి వదిలేసింది.

మళ్ళీ అవే బట్టలతో మిషను మీద పడుకోబెట్టింది. అంకె మొదట ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది.

 ముందు బెంచీలో ఒక పిల్ల, కళ్ళల్లో కాంతి, జడకు కొత్త రిబ్బను, నెమ్మదిగా చెయ్యెత్తింది. పాపం మంచిపిల్లే, గొంతులో నిజంగానే ఆప్యాయత ఉంది.

"ధైర్యంగా ఉండండి మేడం. పాలు చాలని తల్లి లేదు."

వెనక వరుస దగ్గర తాళాల గుత్తి గలగలమంది. పెద్దమేడం ఆ వాక్యాన్ని వేలసార్లు పలికింది, పలికించింది. తన కన్నకూతురి మొహాన ఇంకొకరు అంటుంటే వినడం మాత్రం ఇదే మొదలు.

చిన్నమేడం ఆ పిల్లను ఏమీ అనలేదు. అనాల్సిన మనిషి వైపే చూసింది.

"నాకు ధైర్యం ఉంది. ధైర్యం తాగి పిల్ల బరువు పెరగదు" అంది. గొంతు పెంచలేదు, పాపను మిషను మీంచి ఒళ్ళోకి తీసుకుని కుర్చీలో కూర్చుంది. "అన్నీ తెలిసినదాన్నని నన్ను ఒక్కరూ చూడలేదమ్మా. డాక్టరు నీ మొహం చూసి వదిలేశాడు. వార్డువాళ్ళు నీ మొహం చూసి వదిలేశారు. నువ్వు వాళ్ళ మొహం చూసి వదిలేశావు. దారినపోయే పిల్ల ఎవరైనా వచ్చుంటే, ఈపాటికి నువ్వే దగ్గర కూర్చుని దాని బిడ్డ కడుపు నింపేదానివి. నీ కూతురినైనందుకు నా కూతురు మాడింది."

 పెద్దమేడం నోరు తెరిచింది. డబ్బావాళ్ళు అని ఏదో మొదలుపెట్టబోయింది. ఆ మాట సగంలోనే ఆగింది. ఎప్పుడూ లేనిది, ఆమె ఎక్కడ చూడాలో తెలియక గోడ వైపు చూసింది. గోడ మీద ఉన్నదీ ఆ వాక్యమే. అక్కడా చూడలేకపోయింది.

తాళాల గుత్తి బెంచీ మీద పెట్టింది. మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. తుడుచుకుని వచ్చి కూతురి కుర్చీకి ఎదురుగా, పరాయి తల్లి ముందు నిలబడ్డట్టు రెండడుగుల దూరాన నిలబడింది.

"మిమ్మల్ని చూడవచ్చా అమ్మా?" అంది.

మీరు అంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఏమే, ఒసే తప్ప ఇంకోలా పిలవని తల్లి. చిన్నమేడానికి కలిగింది జాలి కాదు. ఈ ఒక్క మాట మూడు వారాల కిందట అడిగి ఉంటే ఎంత బావుండేదన్న మంట. పాపకు చుట్టిన గుడ్డ సర్దింది.

"చూడండి" అంది.

పెద్దమేడం చూసింది. చేత్తో తాకేముందు మళ్ళీ అడిగి తాకింది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది, పక్కగదిలో ఫోనులో అడిగే ఆ ప్రశ్నలే. కడుపుతో ఉన్నప్పుడు రొమ్ముల్లో మార్పేమైనా కనిపించిందా. లేదు. కాన్పయ్యాక బరువెక్కాయా. లేదు. పాలు చేపుకొచ్చినట్టు ఎప్పుడైనా అనిపించిందా. కొంచెం, ఎప్పుడో ఒకసారి. గుడ్డలు. తక్కువే తడుస్తున్నాయి. మీరు పాలిస్తుంటే ఎవరైనా చూశారా.  దానికి జవాబు అక్కడున్న అందరికీ తెలిసిందే.

పెద్దమేడం బెంచీల వైపు తిరిగింది.

"ఈ తల్లికి పాలు చాలవు" అంది. "ధైర్యానికి లోటు లేదు. పాలే చాలవు."

మూడు వారాలుగా ఎవరో ఒకరు అంటారని చిన్నమేడం ఎదురుచూస్తున్న మాట అది. వినగానే ఏడుపు తన్నుకొచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే కారనిచ్చింది.

తర్వాత జరగాల్సిన పని చకచకా జరిగింది. వేరే తల్లులు ఇచ్చిన పాలు దాచే పాలబ్యాంకులో ఉన్నవి నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకే అరకొర, అక్కడ అడిగే ప్రశ్నే లేదు. పెద్దమేడం గుమ్మం వైపు చూసి, అల్లుడూ, సంచీలో ఆ డబ్బా ఇంకా ఉందా అని అడిగింది. అంటే ఆ సంగతి ఆవిడకు ముందే తెలుసన్నమాట. అతను సమాధానం చెప్పడం దండగనుకుని డబ్బా తీశాడు. దాని మీది అక్షరాలు ఈపాటికి అతనికి కంఠతా వచ్చు. నర్సుల గదిలో నీళ్ళు మరిగించి, కొలిచి కలిపి, చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూసి మరీ తెచ్చాడు. పెద్దమేడం బీరువా తెరిచి సన్నటి గొట్టం ఒకటి తీసింది. బిడ్డను దత్తత తీసుకున్న తల్లుల కోసం అట్టేపెట్టినది. ఒక కొస గిన్నెలో ఉంటుంది, ఇంకో కొస చనుమొన పక్కన అతికిస్తారు. బిడ్డ చన్ను చీకుతుంటే గిన్నెలో పాలు గొట్టంలోంచి నోట్లోకి వస్తాయి. ఇన్నాళ్ళూ పరాయివాళ్ళకు అతికించినట్టే, అంతే జాగ్రత్తగా, అడిగి, కూతురికి అతికించింది.

పాప నిద్రలోనే నోరు తెరిచింది. రెండు సార్లు చప్పరించింది. ఆగింది. కళ్ళు ఇంత చేసి తెరిచింది.

గుటక.

వెనక వరుస దాకా వినపడింది. ముందు బెంచీ పిల్ల చేతులు వెనక్కి కట్టుకోవడం మర్చిపోయి నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకో గుటక, ఆ వెనకే ఇంకోటి. పాప చిన్న పిడికిలి మెల్లగా విచ్చుకుంది. గుమ్మంలో నిలబడ్డ తండ్రి గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

పెద్దమేడం పాలగిన్నెను పాప తలకన్నా ఎత్తుగా పట్టుకుని కుర్చీ పక్కన నిలబడింది.

"మొదటిరోజే అడిగుండాల్సింది" అంది, కూతురికి మాత్రమే వినపడేలా.

పరవాలేదులే అమ్మా అనడం తేలిక. పిల్లలు అలా అనడం, పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకోవడం, అక్కడితో అందరూ ఇళ్ళకు పోవడం అలవాటే. చిన్నమేడం ఆ మాట అనలేదు. ఆమెకు ఆ మూడు వారాలూ ఏమాత్రం పరవాలేకుండా లేవు.

"ఆ పాఠం మళ్ళీ పెట్టు" అంది.

"పెడతాను."

"పెడతానంటే కాదు. ఇప్పుడే. వీళ్ళు ఇవాళ ఆ వాక్యం నేర్చుకుని వెళ్ళి, రేపటినుంచి ఇంకెవరికో చెబుతారు."

పెద్దమేడం బెంచీల వైపు చూసింది. ముందు బెంచీ పిల్ల, తన పుస్తకంలో మొదటి పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, అక్కడ రాసుకున్న వాక్యాన్ని కొట్టేయాలో ఉంచాలో తెలియక ఆవిడ వైపే చూస్తోంది. కొట్టెయ్యమ్మా అంది పెద్దమేడం. అని, చేతిలో గిన్నె వదలడానికి లేదు గనక, కూతురి వైపు తిరిగి, నువ్వే చెప్పు, నేను దీన్ని పట్టుకుంటాను అంది.

చిన్నమేడం పాప తలను మోచేతి మడతలో సరిచేసుకుంది. ఆమె కోపం ఇంకా చల్లారలేదు, ఇప్పట్లో చల్లారేలా కూడా లేదు. కొద్దిమంది తల్లులు ఉంటారు, అంది బెంచీల వైపు చూస్తూ, ఆ కోపంతోనే. పాప గుటకలు వేస్తూనే ఉంది.